పిలుపు వామి

ఉగాది వెళ్ళిన ఎనిమిదో నాడు నంద్యాల వీథుల్లో తప్పెట కొట్టించి ప్రజలకు ఒక శుభవార్త తెలియజేశారు. ఇకమీదట ఊరి మంటలు ఆర్పేవారే ఊరి ప్రాణాలు కూడా నిలబెడతారు. మంటల బండే రోగుల బండి. నంద్యాల మొదలు ఆళ్ళగడ్డ దాకా ప్రజలు నిశ్చింతగా జబ్బు పడవచ్చు. పంతొమ్మిదివందల యాభై ఎనిమిదో సంవత్సరంలో ఇంతకంటే ముందుకు పోయిన సీమ మరొకటి ఉన్నదని ఈనాటి వరకూ ఎవరూ నిరూపించలేదు.

ఈ శుభవార్త వెనుక ఏడాది తపస్సు ఉంది. పెద్దాసుపత్రికి రోగులున్నారు, బండి లేదు. అగ్నినివారణ శాఖకు బండి ఉంది, మంటలు లేవు. ఇద్దరికీ నడుమ ఒక్క వీథి ఉంది. సామాన్యులైతే ఆ వీథి దాటి రెండు మాటలు అనుకొని పని ముగించేవారు. విషయం సామాన్యుల చేతిలో పడకుండా పెద్దలు జాగ్రత్త పడ్డారు. ప్రాణాగ్ని సమన్వయ సంఘం అనే పేరుతో ఒక సంఘం వెలిసి పదకొండుసార్లు సమావేశమైంది. వైద్యం తెలిసినవారు రోగి తమ సొత్తన్నారు. నిప్పు తెలిసినవారు బండి తమ సొత్తన్నారు. రెండూ తెలియనివారు అధ్యక్షత వహించారు.

పదకొండో సమావేశంలో బండి అధికారి జనార్దనంగారు లేచి చిక్కుముడి విప్పారు. ఆయన కోస్తా నుంచి వచ్చినవాడు. మంటను చూసి ఆరేళ్ళయింది గాని, మాట ఆరిన రోజు లేదు.

"మహాజనులారా, మన బండి మంట కొరకు పుట్టినది. మంట కొరకే దానికి పెట్రోలు మంజూరైనది. రోగి కొరకు అది గుమ్మము దాటినచో ధర్మము తప్పినట్లగును. అయితే, మంట నార్పి మరలి వచ్చునప్పుడు అది రిక్తముగా వచ్చుచున్నది. ఆ రిక్తస్థలమున ఒక రోగిని పరుండబెట్టినచో ఏ ధర్మమునకును లోపము లేదు. పోవునప్పుడు మంటకు, వచ్చునప్పుడు రోగికి. ఇదియే మన నూతన సిద్ధాంతము."

చప్పట్లు చాలాసేపు మోగాయి. మంట లేని ఊళ్ళో రోగి గతి ఏమిటని వెనుక వరుసలో ఎవరో అడగబోయి, పక్కవారి చూపు తగిలి కూర్చున్నారు.

ఆ బండిని తోలేవాడు మద్దిలేటి. మితభాషి. మనుషులతో కంటే ఇంజనుతో ఎక్కువ మాట్లాడేవాడు. అందరూ చప్పట్లు కొట్టిన ఆ సభలో మనసారా కొట్టినవాడు అతడొక్కడే. దానికి కారణముంది. అతని భార్య కొండమ్మ తొలి కాన్పుకు పుట్టిల్లు చేరి నెలయింది. పుట్టిల్లు ఆళ్ళగడ్డ. నంద్యాలకు పాతిక మైళ్ళు. ఆ దోవలో గుంతలు ఎన్నో ఇంటి వాకిలి ముగ్గు చుక్కలంత నేర్పుగా లెక్కపెట్టినవాడు కనుక, పురిటి నొప్పులతో ఎద్దుల బండిలో ఆ దోవన రావడమంటే ఏమిటో అతనికి తెలుసు. ఇప్పుడిక భయం లేదు. బండి తనది, దోవ తనది, భార్య తనది. కావలసింది మంట ఒక్కటే.

కొత్త సేవకు తగినట్లు బండిని సంస్కరించారు. నిచ్చెనకు గోనె చుట్టి రోగిని మోసే పడకగా మార్చారు. రోగికి చోటు చాలక నీళ్ళ తొట్టిని దించి, ఆ చోట నులకమంచం బిగించారు. గొట్టాన్ని మాత్రం గౌరవార్థం ఉంచారు. తొట్టిని దింపక ముందు చేసిన మొదటి సేవ చరిత్రలో నిలిచిపోయింది. ఆళ్ళగడ్డలో బీడీ నిప్పు పడి ఒక చొప్ప వామి అంటుకుంటే, ఆ వేడికి ఒక పెద్దమనిషి మూర్ఛపోయాడు. బండివారికి మంటకు ఏం చేయాలో తెలుసు. మూర్ఛకు ఏం చేయాలో శిక్షణ ఇంకా రాలేదు. తెలిసిన విద్యనే ఆ పెద్దమనిషి మీద ప్రయోగించారు. నీటి దెబ్బకు ఆయన పదడుగులు దొర్లి, లేచి నిలబడి, దొర్నిపాడు వైపు పరుగెత్తాడు. చేసిన వైద్యం ఒకటి, కుదిరిన రోగం ఒకటి. నూటికి నూరు పాళ్ళు ఫలితమని జనార్దనంగారు పైకి నివేదించారు.

ఆళ్ళగడ్డవారు సూక్ష్మగ్రాహులు. చట్టంలోని సారం వారికి ఒక్క చూపులో బోధపడింది. వారం తిరగకుండా ఒక ముసలమ్మకు చలిజ్వరం వస్తే, ఆమె కొడుకు ఇంటి ముందర గంపెడు చొప్ప తగలబెట్టి నంద్యాలకు ఫోను చేయించాడు. బండి వచ్చింది. చొప్ప ఆరింది. ముసలమ్మ పోయింది, అనగా పెద్దాసుపత్రికి. ఆ తరువాత ఊరు ఊరంతా పద్ధతి నేర్చుకుంది. జొన్న కోసిన ప్రతి రైతూ చొప్పను రెండు వామిలుగా వేశాడు. పెద్దది మేపు వామి, ఎద్దులకు. చిన్నది పిలుపు వామి, రోగాలకు. రోగాలు పెరిగేకొద్దీ చిన్నది పెద్దదయింది, పెద్దది చిన్నదయింది, ఎద్దులు సన్నబడ్డాయి.

గంపెడు చొప్పకు బండి రావడం అగౌరవమని సమన్వయ సంఘం భావించింది. కనుక దోవలోని శిరివెళ్ళ మెట్ట దగ్గర బండి ఆగాలి. అక్కడ నుంచి పొగ కనబడాలి. కనబడకుంటే వెనక్కు తిరగాలి. పొగను స్థానికంగా ధ్రువపరచడానికి ఆళ్ళగడ్డలో ధూమ నిర్ధారణ సంఘం ఏర్పడింది. ఏడు వామిల ఆసామి ఓబులేసు రెడ్డి దానికి అధ్యక్షుడు. నీళ్ళ తొట్టి దింపిన సంగతి ఇంకా పైకి తెలియలేదు గనుక, నిజమైన మంట ఉన్నచోట మొదట మంట ఆర్పి ఆ పిమ్మటే రోగిని ఎక్కించాలని మరొక నియమం కూడా చేరింది. వామిలు బండి వచ్చేలోగా వాటంతట అవే బూడిద అవుతుండేవి. ఆర్పే శ్రమ లేదు. అందరూ సుఖంగా ఉన్నారు.

మద్దిలేటి ఆ మెట్ట మీద బండి ఆపినప్పుడల్లా నల్లరేగడి మైదానం చివర పొగ కోసం చూసేవాడు. చూడగా చూడగా అతనికి పొగ చదవడం వచ్చింది. జొన్న చొప్ప పొగ తెల్లగా నిటారుగా లేస్తుంది. వేరుశనగ కట్టె పొగ పచ్చగా నేలను పాకుతుంది. పొగ లేచిన చోటును బట్టి అది ఎవరి వామో కూడా చెప్పగలిగేవాడు.

అందుకే ఒకనాడు మెట్ట మీద బండి పూర్తిగా ఆగకముందే అతడు మళ్ళీ గేరు వేశాడు. తెల్లటి పొగ లేస్తున్నది. అది ఊరి మొదట, దోవ పక్కన, తన మామ పుల్లయ్య కాపురముండే కసువు కప్పిన కొట్టం దగ్గర. కొండమ్మకు నెలలు నిండలేదు. అయినా కాలం మీద నమ్మకమేమిటి? బండి గుంతలు చూడలేదు, గాలి చూడలేదు. ఆళ్ళగడ్డ చేరి చూస్తే, కొండమ్మ వాకిట్లో గుండులాగా నిలబడి ఉంది. పుల్లయ్య వామి కాలుతున్నది. దాని ముందర ఓబులేసు రెడ్డి వక్కాకు నములుతూ నిలుచున్నాడు. ముందునాటి విందులో వేటమాంసం కొంచెం ఎక్కువై ఆయనకు కడుపు నొచ్చింది.

పుల్లయ్య తువ్వాలు భుజాన వేసుకొని, తన వామిని ఎవరిదో అన్నట్లు చూస్తున్నాడు.

"నా బిడ్డ కాన్పుకని పెట్టుకున్న వామి రెడ్డీ అది. నీకు ఏడుండాయి గదా."

"ఏడుంటే ఏం లాభమప్పా, అన్నీ యాడో దొడ్లో ఉండాయి. నీది దోవ పక్కన ఉండాది. పొగ బాగా కనపడతాది." రెడ్డి దయగా నవ్వాడు. "నీ బిడ్డకు ఇంకా పొద్దుండాది. నా కడుపు ఇప్పుడు నొస్తాంది. ఆ పొద్దుకు నా వామి వాడుకుందువులే."

ఇంత న్యాయమైన మాటకు పుల్లయ్య భుజాన ఉన్న తువ్వాలు తీసి చంకన పెట్టుకున్నాడు. ధూమ నిర్ధారణ సంఘాధ్యక్షుడు తన పొగను తానే ధ్రువపరచుకొని, తానే బండెక్కి మంచం మీద పడుకున్నాడు. నంద్యాల చేరేలోగా నొప్పి తగ్గింది. అయినా పెద్దాసుపత్రిలో రెండు రోజులుండి, పరామర్శకు వచ్చినవారందరికీ దర్శనమిచ్చి వెళ్ళాడు. ఆ రెండు రోజులూ మద్దిలేటి గోడ మీది క్యాలెండరు చూస్తూ రోజులు లెక్కపెట్టుకున్నాడు.

కత్తెర ఎండలు ముదిరాయి. ఒకనాటి మిట్టమధ్యాహ్నం ఫోను మోగింది. అందుకున్నవాడు చీటీ మీద రాసుకొని పైకి చదివాడు. ఆళ్ళగడ్డ. పుల్లయ్యది. మంట.

మద్దిలేటి బండి దగ్గరకు పరుగెత్తాడు. సీటెక్కి కూర్చున్నాక గాని ఒక ప్రశ్న అతని వీపున చెమటలాగా దిగలేదు. మామకు వామి లేదు. మరి కాలుతున్నదేమిటి?

జనార్దనంగారు ఆ సమయంలో సేవ శతదినోత్సవానికి శిలాఫలకం రచిస్తున్నారు. వాక్యం మధ్యలో లేవడం ఆయనకు అలవాటు లేదు. వాక్యం ముగిసింది. టోపీ దొరికింది. బండి కదిలింది. శిరివెళ్ళ మెట్ట మీద నియమం ప్రకారం ఆగింది. ఆయన దుర్భిణి ఎత్తి చాలాసేపు చూసి, ధూమము ప్రత్యక్షమని ప్రకటించారు.

మద్దిలేటికి దుర్భిణి అక్కరలేకపోయింది. ఆ పొగ తెల్లగా లేదు. నల్లగా, బరువుగా, నడుము విరిగినట్లు ఒక పక్కకు వాలి లేస్తున్నది.

"సార్, అది చొప్ప పొగ గాదు. బోద కసువు, వెదుళ్ళు, దూలాలు. కొట్టం కాలుతాండాది సార్."

"పొగలో తరతమ భేదములు నియమావళిలో లేవయ్యా. నడుపుము."

ఊరి మొదట జనం గుంపుగా నిలబడి ఉన్నారు. పుల్లయ్య కొట్టం నాలుగు వైపులా అంటుకొని ఉంది. ఎదురుగా ఒక ఎద్దుల బండి నీడన మంచం వేసి కొండమ్మను పడుకోబెట్టారు. పళ్ళ నడుమ తువ్వాలు, నుదుట చెమట, కళ్ళు మంట వైపు. కళ్ళ ముందర తాను పుట్టిన ఇల్లు కాలుతుంటే, ఆ వెలుగు ఆమె ముఖం మీద ఆడుతున్నది. పుల్లయ్య చేతిలో అగ్గిపెట్టె ఉంది.

"ఏందీ మామా ఇది?"

"వామి లేకపాయ అల్లుడా. ఊళ్ళో కడమ పిలుపు వామిలన్నీ ఎప్పుడో కాలిపాయ. రెడ్డి వామి అడుగుదామని పోతి. కడుపునొప్పి నయమైనాదని మొక్కు తీర్చను యాగంటికి పోయినాడంట. ఆయప్ప మనుషులు వామి మీద చెయ్యి ఎయ్యనియ్యలా." పుల్లయ్య అగ్గిపెట్టెను తువ్వాలు కొంగులో ముడి వేసుకున్నాడు. "ఇల్లుండాది గదా అనుకుంటి."

మంత్రసాని ఆదెమ్మ మంచం దగ్గర నుంచి తల ఎత్తింది. "నిన్న పొద్దు నుంచీ నొప్పులు. బిడ్డ దిగలా. నా చేతనయ్యే పని అయిపోయినాది నాయనా. బేగా ఎత్తుకపోండి."

మద్దిలేటి నిచ్చెన దించబోయాడు. జనార్దనంగారు చెయ్యి అడ్డం పెట్టారు. ఆయన కన్నులు చెమర్చి ఉన్నాయి. ఆరేళ్ళ తరువాత, తన ఉద్యోగ జీవితం పండగా, ఆయనకు నిజమైన మంట కనిపించింది.

"మొదట మంట, పిదప రోగి. ఇది నియమము. గొట్టము తెండు."

గొట్టం తెచ్చారు. చాలా పొడవైన గొట్టం. ఒక కొన ఆయన చేతికిచ్చారు. రెండో కొన బండికి తగిలించబోయి, తొట్టి ఉండవలసిన చోట నులకమంచం ఉండటం చూసి, మర్యాదగా మంచం మీద పెట్టారు. నలుగురు బండివారూ రెండు నెలలుగా కట్లు కట్టడమే నేర్చినవారు. వారిలో ఒకడు అలవాటు కొద్దీ దూదీ, టింక్చరు సీసా పట్టుకొని కాలుతున్న ద్వారబంధం దాకా పోయి, గాయం ఎక్కడని వెతికాడు. బావిలో నీళ్ళు తోడుదామంటే కత్తెరలో బావి అడుగున కప్పలకే చాలడం లేదు. జనార్దనంగారు గొట్టం కొన మంట వైపు గురిపెట్టి, వీరభంగిమలో అలాగే నిలబడ్డారు. మంట ఆరేదాకా రోగి ఎక్కరాదు. నీళ్ళు లేనిదే మంట ఆరదు. నియమావళిలో ఇంతకు మించి ఏమీ లేదు.

కొండమ్మ ఒక్కసారి మూలిగింది. పెద్ద మూలుగు కాదు. బయటి మనుషుల ముందు మూలగకూడదని పెరిగిన పిల్ల మూలుగు.

ఆ మూలుగుతో మద్దిలేటికి జ్ఞానోదయమైంది. ఆరడానికి దారి నీరు ఒక్కటే కాదు. ఏదైనా పూర్తిగా కాలిపోతే మంట తానే ఆరుతుంది. అతడు పక్కనున్న గడ్డపార అందుకొని మామ వైపు చూశాడు. పుల్లయ్యకు విడమరచి చెప్పవలసిన పని లేకపోయింది. ఆయన ఎద్దుల బండి నొగ నుంచి కాడిమాను ఊడబెరికాడు. మామా అల్లుడూ కలిసి కాలుతున్న ఇంటిని కాలుతున్న ఇంట్లోకి తోయడం మొదలుపెట్టారు. జనం చూశారు, గ్రహించారు, ఒక్కుమ్మడిగా చేతులు వేశారు. ఇరవై ఏళ్ళ కిందట ఆ ఇంటికి దూలాలు ఎత్తినవారే ఇప్పుడు ఆ దూలాలను మంటలోకి కూల్చారు. మిగిలిన కసువు మిగలకుండా, నిలిచిన గుంజ నిలవకుండా, పక్కకు పడిన వెదురును కూడా ఏరి తెచ్చి వేశారు. తన ఇల్లు త్వరగా కాలిపోవాలని ఒక మనిషి అంత శ్రద్ధగా చెమటోడ్చడం ఆళ్ళగడ్డ చరిత్రలో అదే మొదలు. పుల్లయ్య ఒక్కచోట మాత్రం ఆగాడు. చేతికి తగిలినది కొండమ్మ పసితనాన ఊగిన ఉయ్యాల గుంజ. ఒక్క క్షణం చూసి దాన్నీ తోశాడు.

అరగంటలో అక్కడ బూడిద తప్ప ఏమీ లేదు. జనార్దనంగారు గొట్టం దించి గడియారం చూశారు.

"మంట ఆరినది. మన శాఖ సాధించిన ప్రప్రథమ సంపూర్ణ విజయమిది. ఇక రోగిని ఎక్కింపుడు."

బండి నంద్యాల దోవ పట్టింది. మద్దిలేటి చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. వెనుక మంచం మీద కొండమ్మ, పక్కన ఆదెమ్మ. పట్టుకోవడానికి మరేమీ లేక కొండమ్మ బండి గంట తాడు పట్టుకుంది. నొప్పి వచ్చినప్పుడల్లా గంట మోగింది. గుంత వచ్చినప్పుడల్లా నొప్పి వచ్చింది. గుంత, నొప్పి, గంట. గుంత, నొప్పి, గంట. ఆ దోవన పోయే ఎద్దుల బండ్లన్నీ మంట ఎక్కడో అనుకొని పక్కకు తప్పుకున్నాయి. శిరివెళ్ళ మెట్ట ఎక్కుతుండగా అన్నిటికంటే పెద్ద గుంత వచ్చింది. గంట విడవకుండా మోగి, టక్కున ఆగింది. మద్దిలేటి బ్రేకు తొక్కాడు. వెనుక నుంచి పసిగొంతు కెవ్వుమన్నది.

"ఆడబిడ్డ మద్దిలేటీ," అన్నది ఆదెమ్మ. "నేను చెయ్యలేనిది మీ గుంత చేసినాది."

తల్లీ బిడ్డా క్షేమం. చిక్కు వచ్చింది జనార్దనంగారికే. ఎక్కినది ఒకరు, దిగినది ఇద్దరు. రెండో వ్యక్తికి పొగ లేదు. పొగ లేని ప్రయాణికురాలిని ఏ నియమం కింద తెచ్చారో పైకి చెప్పవలసి వచ్చింది. పన్నెండో సమావేశంలో సంఘం దీర్ఘంగా ఆలోచించి, ఇల్లు పెద్దది కనుక దాని పొగ ఇద్దరికి చాలునని సర్దుకుంది. శిరివెళ్ళ మెట్ట గుంతను వైద్య పరికరంగా గుర్తించి, దాన్ని పూడ్చరాదని అదే సమావేశంలో తీర్మానించింది.

శతదినోత్సవం ఆళ్ళగడ్డలో జరిగింది. ఎండ తగలకుండా తాటాకుల పందిరి వేశారు. పందిరి పక్కన పదడుగుల దూరంలో బంతిపూల దండలతో బండి నిలబడి ఉంది. పందిరి కింద ఆరువందల మంది కిక్కిరిసి కూర్చున్నారు. మద్దిలేటి ముందు వరుసలో బిడ్డను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. పక్కన కొండమ్మ. పుల్లయ్యను వేదిక మీదికి పిలిచి ఓబులేసు రెడ్డి శాలువ కప్పాడు. ఆ శాలువ తప్ప పుల్లయ్యకు ఇప్పుడు కప్పు అనేది లేదు.

రెడ్డి ప్రసంగించాడు. పౌరుడంటే పుల్లయ్య అన్నాడు. వామి పొగ కంటే ఇంటి పొగ దూరం కనబడుతుందని లోకానికి చాటినవాడన్నాడు. మిద్దెలున్నవారు కూడా పక్కన ఒక చిన్న కొట్టం వేసి ఉంచుకోవడం విజ్ఞత అన్నాడు. తరువాత ప్రజల కోరికలు చెప్పమన్నారు. దొర్నిపాడువారు తమకూ ఒక ధూమ నిర్ధారణ సంఘం కావాలన్నారు. చొప్ప లేని పేదలు, పిలుపుకు తగినంత చొప్ప సర్కారే ఇప్పించాలన్నారు. అన్నిటికీ చప్పట్లు మోగాయి.

చివరకు పుల్లయ్య శాలువ సర్దుకొని నోరు విప్పాడు. సభల్లో మాట్లాడి ఎరగడు.

"నాదొక మాటప్పా. ఆ ఆసుపత్రేదో ఈడనే ఒకటి పెడితే, ఈ కాల్చేది తప్పుతాది గదా?"

ఆరువందల మంది ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అప్పుడు ఓబులేసు రెడ్డి పుల్లయ్య భుజం మీద చెయ్యి వేసి జాలిగా తల ఊపాడు.

"పాపం, ఇల్లు కాలిన దిగులు తలకెక్కినాది. మనిషి యాడ యాడనో మాట్లాడతాండాడు. బేగా పెద్దాసుపత్రికి తీసకపోవల్ల."

సభకు అది సబబుగా తోచింది. ఆడవారు కళ్ళు ఒత్తుకున్నారు. తనకేమీ కాలేదని పుల్లయ్య అంటూనే ఉన్నాడు. ఏమీ కాలేదనడమే జబ్బు ముదిరినదానికి గుర్తని ఇరుగుపొరుగువారు అర్థం చేసుకున్నారు. జనార్దనంగారు విచారంగా లేచారు.

"రోగి ఉన్నాడు. పదడుగులలో బండియు ఉన్నది. అయితే అది ఉత్సవమునకు వచ్చినది గాని మంటకు వచ్చినది కాదు. పొగ ఏది?"

నిజమే. పొగ ఏది? పుల్లయ్యకు వామి లేదు, ఇల్లు లేదు. కాల్చడానికి ఆయన దగ్గర ఏమీ మిగలలేదు. ఊరివారు దయామయులు. సాటి మనిషి ప్రాణం మీదికి వస్తే వెనుకాడేవారు కారు. అందరూ నలుదిక్కులా చూశారు. ఆ తరువాత ఒక్కొక్కరే తలెత్తి పైకి చూశారు. తాటాకు. నెలనాళ్ళ ఎండకు గలగలలాడుతున్న తాటాకు.

చేతులు జేబుల్లోకి, రొండిలోకి, కొంగుముడుల్లోకి పోయాయి. మద్దిలేటి బీడీ తాగడు, చుట్ట తాగడు. అయినా ఒళ్ళో బిడ్డను ఎడమ చేత్తో పొదివి పట్టుకొని, అతని కుడిచెయ్యి కూడా దానంతట అదే చొక్కా జేబులోకి పోయింది. అగ్గిపెట్టె తగిలింది. అది అక్కడికి ఎప్పుడు చేరిందో అతనికి గుర్తు లేదు.

ఆసుపత్రి అడిగిన నోరు ఆ సభలో ఒక్కటి. అగ్గిపెట్టె తీసిన చేతులు ఆరువందలు. ముందుగా పందిరి కింద నుంచి లేచి అవతలికి పోదామని మాత్రం ఎవరికీ తోచలేదు. చదువరులు తమ జేబు ఒకసారి తడుముకొని, తమ తలమీది కప్పు ఒకసారి చూసుకొని, ఆ పిమ్మట ఆళ్ళగడ్డవారిని చూసి నవ్వవచ్చు.